మాత్రికలను కంటితో చదవడం – నాలుగవ భాగం: రెండు మాత్రికలను రంగులతో పోల్చడం

లిబ్రేఆఫీస్ క్యాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములో మాత్రికను నమోదు చేయడం, కూడడం, గుణించడం ఇంతకుముందు భాగాలలో చూశాం. ఇప్పుడు అదే పట్టికలో గడులకు విలువను బట్టి రంగు వేసి, రెండు మాత్రికలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడడం నేర్చుకుందాం. ఉదాహరణగా మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు రైలు మార్గాలనే తీసుకుంటున్నాను. జవాబు సరైనదో కాదో ఇక్కడి పాఠకులు లెక్క చేయకుండానే చెప్పగలరు.

హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పలాస. విజయనగరం దగ్గర రాయగడ వైపు చీలిపోయే మార్గం మీద బొబ్బిలి, పార్వతీపురం. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే శాఖ మీద టెక్కలి: మొత్తం 9 స్టేషన్లు. పార్వతీపురం 2022లో వేరే జిల్లాకు కేంద్రమైంది గానీ పట్టాలు మారలేదు కనుక దానిని వదలనవసరం లేదు. ఈ స్టేషన్ల పేర్లనే అడ్డువరుసలకూ నిలువువరుసలకూ పెట్టండి. మధ్యలోని చిన్న స్టేషన్లను పక్కనపెట్టి, పట్టాల మీద ఈ స్టేషన్లలో ఒకదాని తరువాత నేరుగా మరొకటి వస్తే ఆ జంట గడిలో 1, లేకపోతే 0 వేయండి. ఎనిమిది జంటలు ఉన్నాయి. ప్రతి జంటా రెండు గడులలో కనిపిస్తుంది కాబట్టి 81 గడులలో 16 ఒకట్లు, 65 సున్నాలు రావాలి.

మొదట స్టేషన్లను అకారాది క్రమంలో, అంటే చీపురుపల్లితో మొదలుపెట్టి శ్రీకాకుళం రోడ్డుతో ముగించి నమోదు చేయండి. అంకెలున్న గడులను మాత్రమే ఎంచుకుని ఫార్మాట్ మెనూలో కండిషనల్‌కు, అక్కడి నుంచి కలర్ స్కేల్‌కు వెళ్లండి. రెండు రంగుల స్కేలు తీసుకుని, కనిష్ఠానికి తెలుపు, గరిష్ఠానికి ముదురు నీలం ఇవ్వండి. నీలం గడులు పట్టికంతా చెల్లాచెదురుగా పడతాయి. అందులో రైలు మార్గం ఉందని ఎవరూ ఊహించలేరు.

ఇప్పుడు అదే సమాచారాన్ని పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పలాస, టెక్కలి అనే క్రమంలో మరో షీటులో నమోదు చేసి రంగు వేయండి. ప్రధాన వికర్ణానికి, అంటే ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు వెళ్లే గడుల వరుసకు, ఇరుపక్కలా నీలం గడులు మెట్ల వరుసలా దిగివస్తాయి. ఆ వరుస నుంచి తప్పుకున్న గడులు రెండే: నౌపడ–టెక్కలి, టెక్కలి–నౌపడ. స్టేషన్లను ఎంత అటూ ఇటూ మార్చినా ఏదో ఒక జంట బయట మిగలక తప్పదు, ఎందుకంటే మెట్ల వరుసలో ఒక స్టేషనుకు ఇద్దరు పొరుగువారికే చోటుంది, నౌపడకు ముగ్గురున్నారు. మాత్రికలోని సమాచారం మారలేదు, క్రమం మాత్రమే మారింది. అందుచేత రెండు మాత్రికలను పోల్చే ముందు రెండింటిలోనూ అడ్డువరుసలు, నిలువువరుసలు ఒకే క్రమంలో ఉన్నాయో లేదో చూడాలి. ఈ ఒక్క పని చేయకపోతే తక్కిన పాఠమంతా వృథా.

చిత్రంలో మరో సంగతి ఉంది. పలాస అడ్డువరుస, టెక్కలి అడ్డువరుస అచ్చు గుద్దినట్టు ఒకటే, ఎందుకంటే ఈ జాబితాలో ఆ రెండింటికీ నౌపడ ఒక్కటే పొరుగు. రెండు అడ్డువరుసలు సమానమైతే నిర్ధారకం సున్నా అని ఇంటర్మీడియట్‌లో చదివే ఉంటారు. ఇక్కడ ఆ సంగతి లెక్క చేయకుండానే తెలిసిపోయింది.

ఇక పోల్చడం. మన మాత్రిక సౌష్ఠవ మాత్రిక అయి తీరాలి, అంటే వికర్ణానికి అటూ ఇటూ ఎదురెదురు గడులలో ఒకే అంకె ఉండాలి. పక్కన 9 అడ్డువరుసలు, 9 నిలువువరుసల ఖాళీ చోటును ఎంచుకుని, అసలు మాత్రిక నుంచి ట్రాన్స్‌పోజ్ ఫంక్షన్ ఇచ్చే పరివర్త మాత్రికను (అడ్డువరుసలు నిలువువరుసలుగా మారినదానిని) తీసివేసే సూత్రం రాసి, కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. ఈ భేద మాత్రికకు మూడు రంగుల స్కేలు కావాలి: −1కి నీలం, 0కి తెలుపు, 1కి ఎరుపు. మూడు చోట్లా వాల్యూ అనే ఎంపిక తీసుకుని అంకెలను మీరే ఇవ్వండి. అంతా తెల్లగా వస్తే సరిపోయినట్టే. ఒక గడిలో 1 వేయడం మరచిపోయి ఉంటే, వికర్ణానికి అటొకటి ఇటొకటిగా ఎరుపు, నీలం గడులు ఎదురెదురుగా కనబడతాయి. వాటిలో ఏది తప్పో చిత్రం చెప్పదు. రెండు చోట్లా మరచిపోతే అసలు ఏమీ కనబడదు. నలుపు తెలుపులో జిరాక్సు తీస్తే ఆ ఎరుపు, నీలం రెండూ బూడిద రంగులోకి దిగిపోతాయి కాబట్టి గడులలోని అంకెలను దాచకపోవడమే మంచిది.

స్కేలు అంకెలను మీరే ఇవ్వాలని ఎందుకు పట్టుబడుతున్నానో ఈ ప్రయోగంతో తెలుస్తుంది. ఎమ్‌మల్ట్ ఫంక్షన్‌తో మాత్రికను దానితోనే గుణించండి. వచ్చిన వర్గ మాత్రిక రెండు అంచెలలో ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని విధాలుగా వెళ్లవచ్చో చెబుతుంది. వికర్ణం మీద ప్రతి స్టేషనుకు ఉన్న పొరుగుల సంఖ్య వస్తుంది, కనుక నౌపడ దగ్గర 3 ఉంటుంది. పలాస–టెక్కలి గడిలో ఇప్పుడు 1 చేరింది: నౌపడలో బండి మారితే చాలు. కనిష్ఠ, గరిష్ఠాలను క్యాల్క్‌కే వదిలేస్తే మొదటి మాత్రికలో 1 అతి ముదురు నీలం, రెండవదానిలో అదే 1 వెలిసిన నీలం. ఒకే విలువకు రెండు రంగులు వస్తే పక్కపక్కన పెట్టి ప్రయోజనం లేదు. రెండింటికీ 0 నుంచి 3 వరకు ఒకే స్కేలు ఇవ్వండి. అప్పుడు అసలు విశేషం బయటపడుతుంది: మొదటి మాత్రికలో రంగున్న ప్రతి గడీ రెండవదానిలో తెల్లగా ఉంటుంది. మన మార్గాలలో ఎక్కడా వలయం లేదు కనుక పక్క స్టేషనుకు సరిగ్గా రెండు అంచెలలో చేరడం కుదరదు.

వచ్చే భాగానికి ముందు ఈ అభ్యాసం చేయండి. మన మాత్రికకు నిర్ధారకం సున్నా కాబట్టి విలోమం, అంటే దానితో గుణిస్తే యూనిట్ మాత్రికను ఇచ్చేది, లేదు; వికర్ణమంతా 4 వేస్తే విలోమం వస్తుంది. ఎమ్‌ఇన్వర్స్‌తో దానిని కనుగొని, మాత్రికతో గుణించి, లబ్ధం నుంచి యూనిట్ మాత్రికను (వికర్ణం మీద 1, తక్కిన చోట్ల 0 ఉండేదానిని) తీసివేయండి. ఆ భేదానికి ఒకసారి క్యాల్క్ ఇచ్చే కనిష్ఠ, గరిష్ఠాలతో, మరొకసారి −1 నుంచి 1 వరకు స్కేలుతో రంగు వేసి, రెండు చిత్రాలనూ భద్రపరచండి. మొదటి చిత్రంలో రంగులు కనబడితే ఆ గడుల విలువలను పదహారు దశాంశ స్థానాల వరకు తెరిచి చూడండి.