క్లాసులో అన్నీ వచ్చు, పరీక్షలో చేతులెత్తేస్తారు: తప్పెక్కడో పట్టుకోవడం

లక్షణం: క్లాసులో అందరూ తలలూపుతారు. అసైన్‌మెంట్లలో పదికి తొమ్మిది. యూనిట్ ముగిసిన వారం పెట్టిన క్విజ్ కూడా బాగానే రాస్తారు. రెండు నెలలాగి సెమిస్టర్ పరీక్షలో అవే లెక్కలు అంకెలు మార్చి ఇస్తే సగం క్లాసు బోల్తా.

అప్పుడు టీచర్లు ఏం చేస్తారంటే స్లైడ్లు మారుస్తారు, వీడియోలు కలుపుతారు, రివిజన్ క్లాసులు పెడతారు. జవాబు పత్రాలు మాత్రం తెరవరు. మార్కుల పట్టిక చూస్తే ఎవరు తప్పారో తెలుస్తుంది, ఎక్కడ తప్పారో తెలియదు. కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి.

మొదటి తనిఖీ

ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఒక్కటి ఎంచుకోండి. మధ్యస్థంగా మార్కులొచ్చిన వాళ్ల పత్రాలు 20 తీయండి. మరీ పైవాళ్లవీ మరీ కిందివాళ్లవీ వద్దు, వాటిలో జాడ దొరకదు. ఆ 20 పత్రాలనూ నాలుగు గుట్టలు చేయండి:

1. ఏమీ రాయనివి
2. వేరే పద్ధతి పట్టుకుని మొదలుపెట్టినవి
3. పద్ధతి సరైనదే, మధ్యలో తప్పు దొర్లినవి
4. సరిగ్గానే వెళ్తూ సగంలో ఆగిపోయినవి

అరగంట పని. పెద్ద గుట్ట ఏదో అదే మీ జబ్బు. ఒక్క జాగ్రత్త: ఖాళీగా వదిలింది పేపర్లో చివరి ప్రశ్న అయితే దాన్ని నాలుగో గుట్టలో వేయండి. అది రాకపోవడం కాదు, టైము చాలకపోవడం.

నాలుగోది పెద్దదైతే పేపర్ పొడవు తగ్గించండి. మీరు స్వయంగా కూర్చుని రాసి చూడండి. మీకు గంట పట్టిన పేపర్‌కు విద్యార్థికి మూడు గంటలు కావాలన్నది బండగుర్తు.

మూడోది పెద్దదైతే మెట్ల మీద సాధన చాలలేదు. పూర్తిగా చేసిన లెక్క ఒకటి, చివరి రెండు మెట్లు ఖాళీగా వదిలినది ఒకటి, మొత్తం వాళ్లే చేయాల్సినది ఒకటి, ఈ వరుసలో ఇవ్వండి.

మొదటిది పెద్దదైతే మరిచిపోయారు. నోట్సు మళ్లీ మళ్లీ చదవడమే చదువనుకున్నారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తు చెప్పారు. ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లు 75 శాతమే. వారం గడిచాక తలకిందులైంది: చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. మందు చిన్నదే. ప్రతి క్లాసు మొదటి అయిదు నిమిషాలు, పుస్తకం మూసి, మూడు ప్రశ్నలు. ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి కిందటి వారం నుంచి, ఒకటి కిందటి నెల నుంచి. మార్కులు వేయకండి.

రెండో గుట్ట: అసలు మోసం ఇక్కడే

ఇది పెద్దదైనప్పుడు 'బేసిక్స్ లేవు' అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు బేసిక్స్ ఉంటాయి. లేనిది ఎంపిక. చేయడం వచ్చు, ఎప్పుడు ఏది చేయాలో రాదు.

ఎందుకు రాలేదంటే, నేర్చుకునే అవసరమే వాళ్లకు ఎప్పుడూ రాలేదు. 'జత టి-టెస్ట్' (అదే మనుషుల ముందు, తర్వాతి కొలతలను పోల్చే గణాంక పద్ధతి) అన్న శీర్షిక కింద పది లెక్కలిస్తే పదీ దానితోనే చేస్తారు. లెక్క పూర్తిగా చదవనక్కర్లేదు, అంకెలు ఏరుకుంటే చాలు. సగం జవాబు శీర్షికే చెప్పేసింది. పరీక్షలో శీర్షిక ఉండదు. 'శిక్షణకు ముందు, తర్వాత అదే 20 మంది' అన్న లెక్కా, 'శిక్షణ పొందిన 20 మంది, పొందని వేరే 20 మంది' అన్న లెక్కా పక్కపక్కన పడేసరికి తేడా కనబడదు. ఇంటిగ్రేషన్‌లోనూ ఇంతే. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ అయితే బై పార్ట్స్, ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ అయితే సబ్‌స్టిట్యూషన్. రెండూ విడివిడిగా వచ్చినవాడే కలిపి ఇస్తే తడబడతాడు. లెక్కలు లేని సబ్జెక్టులేమీ తప్పించుకోలేదు. కేస్ స్టడీ పైన 'కాంట్రాక్టు ఉల్లంఘన' అని మీరే రాసి పెడితే విద్యార్థి ఇక తేల్చడానికి ఏం మిగిలింది?

నిర్ధారణ: తప్పిన ప్రశ్ననే అంకెలు మార్చి, పైన 'ఇది ఫలానా పద్ధతితో చేయండి' అని ఒక్క వాక్యం చేర్చి ఇవ్వండి. పదిహేను నిమిషాలు చాలు. ఇప్పుడు చేసేశారా? రోగం ఇదే, రివిజన్ క్లాసు దండగ. అప్పటికీ చేయలేకపోతే పద్ధతే రాలేదు, మూడో గుట్ట మందుకు వెళ్లండి.

మరమ్మతు: కొత్త పద్ధతి చెప్పిన రోజు అదే రకం లెక్కలు మూడో నాలుగో చేయించండి. మొదటి రోజే కలపడం తప్పు, చేయి తిరగాలి. ఆ తర్వాతి అసైన్‌మెంట్ నుంచి 12 లెక్కలుంటే నాలుగు కొత్తవి, ఎనిమిది పాత యూనిట్లవి, వరుస చెదరగొట్టి, శీర్షికలూ యూనిట్ నంబర్లూ తీసేసి ఇవ్వండి. ఒకదానితో ఒకటి పొరబడేవాటినే కలపాలి. సంబంధం లేనివి కలిపితే ఎంపిక ఇట్టే తెలిసిపోతుంది, లాభం ఉండదు.

దీనికి తోడు వారానికోసారి పది లెక్కలు, పది నిమిషాలు ఇవ్వండి. లెక్క మాత్రం చేయకూడదు. ఏ పద్ధతో, లెక్కలోని ఏ మాట చూసి అనుకున్నారో ఒక్క వాక్యంలో రాయాలి. దిద్దడం కూడా సులువు. ఆ 'ఏ మాట చూసి' అన్నది వదిలేయకండి. అది అడక్కపోతే ఊహించి రాస్తారు.

ఎక్కడ చెడుతుందంటే: కలపడం మొదలెట్టగానే అసైన్‌మెంట్ మార్కులు పడిపోతాయి. విద్యార్థులు గొణుగుతారు, మీకూ గుండె జారుతుంది, రెండు వారాలకే పాత పద్ధతికి వెళ్లిపోతారు. ఆ పడిపోవడం పద్ధతి పనిచేస్తోందనడానికి గుర్తు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఘనపరిమాణాల లెక్కలు చేయించారు. సాధన సమయంలో ఒకే రకంగా చేసినవాళ్లకు 89 శాతం ఒప్పులు, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే ఒకే రకం వాళ్లు 20కి జారారు, కలిపి చేసినవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు. ఈ నాలుగు అంకెలూ మొదటి రోజే బోర్డు మీద రాసి చూపించండి, గొణుగుడు తగ్గుతుంది. అసైన్‌మెంట్‌కు మార్కుల బరువు కూడా తగ్గించండి. తప్పు చేస్తే గ్రేడు పోతుందంటే కాపీ కొడతారు, అప్పుడు మీకు కనిపించేదంతా అబద్ధమే.

మిగిలినవి

'అర్థమైందా?' అని అడిగితే వచ్చే 'అయింది సార్'ను సాక్ష్యంగా తీసుకోకండి. ప్రశ్న వేసి కనీసం మూడు సెకన్లు ఆగండి. సెకను తిరక్కుండా జవాబు మీరే చెప్పేస్తుంటే క్లాసులో ఎవరికేం వచ్చో మీకెప్పటికీ తెలియదు.

ప్రశ్నే తప్పుగా ఉండటం అరుదు. అనుమానముంటే మొత్తం మార్కుల్లో పై 27 శాతం వాళ్లనూ కింది 27 శాతం వాళ్లనూ ఆ ఒక్క ప్రశ్న దగ్గర పోల్చండి. కిందివాళ్లే ఎక్కువమంది ఒప్పు రాసి ఉంటే మీ జవాబుల కీ తప్పు, లేదా ప్రశ్నకు రెండర్థాలున్నాయి. 'ఈ బ్యాచే అంత' అన్న కారణాన్ని మాత్రం 20 పత్రాలూ విప్పి చూసేదాకా పక్కన పెట్టండి.