ఫ్రెండ్స్‌తో బాల్డర్స్ గేట్ 3 మధ్యలో వదలకుండా ఆడాలంటే

ఫ్రెండ్స్‌తో కలిసి బాల్డర్స్ గేట్ 3 మొదలుపెట్టినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. ఎక్కువమంది రెండు మూడు వారాల్లోనే ఆపేశారు. ఎందుకని అడిగితే గేమ్ కష్టంగా ఉందని ఒక్కరూ చెప్పలేదు. టైమ్ కుదరలేదనో, ఒకడు ముందే సొంతంగా ఆడేసి కథంతా చెప్పేశాడనో, మాట్లాడే ఛాన్స్ ఎప్పుడూ ఒకడికే వచ్చేదనో చెప్పారు. మేం ముగ్గురం, నేను హైదరాబాద్‌లో, ఒకడు వైజాగ్‌లో, ఇంకొకడు డల్లాస్‌లో ఉండి వారానికి ఒక్కపూట చొప్పున చివరిదాకా ఆడాం. నా గేమింగ్ జీవితంలో అంత బాగా గడిచిన రోజులు ఇంకోటి లేవు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని ఏం చేయాలో రాస్తున్నా.

ముందు గేమ్ గురించి రెండు ముక్కలు. లారియన్ స్టూడియోస్ అనే బెల్జియం కంపెనీ 2023 ఆగస్టు 3న దీన్ని పీసీలో విడుదల చేసింది, తర్వాత పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లకు కూడా వచ్చింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట ఐదో ఎడిషన్ రూల్స్ మీద నడుస్తుంది, అంటే మీరు చేసే పని కుదురుతుందో లేదో 20 ముఖాల డైస్ తేలుస్తుంది. ఆన్‌లైన్‌లో నలుగురి దాకా ఆడొచ్చు, ఒకే స్క్రీన్ ముందు కూర్చుని అయితే ఇద్దరు. ఫైట్లన్నీ టర్న్ ప్రకారం జరుగుతాయి. మనలాగా ఒకడు ఇండియాలో, ఒకడు అమెరికాలో ఉండేవాళ్ళకి ఇదే పెద్ద వరం. షూటింగ్ గేముల్లో పింగ్, అంటే నెట్ ఆలస్యం, 200 దాటితే ఇక ఆడలేం, ఇక్కడ మీ టర్న్ వచ్చాక నింపాదిగా ఆలోచించి నొక్కుతారు కాబట్టి అర సెకను ఆలస్యమైనా నష్టం లేదు.

పీసీలో 150 జీబీ ఖాళీ కావాలి, అదీ ఎస్ఎస్‌డీలో. ర్యామ్ కనీసం 8 జీబీ, 16 ఉంటే మంచిది. మీ గ్రూప్‌లో కొంచెం పాత ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఎవరో ముందే కనుక్కుని, ఆట రోజుకి రెండు రోజుల ముందే అతని చేత డౌన్‌లోడ్ చేయించండి. మొదటి రోజు అందరూ కాల్‌లో కూర్చున్నాక ఒకడికి ఇంకా 60 జీబీ మిగిలుందని తెలిస్తే వచ్చే నీరసం అంతా ఇంతా కాదు.

ఆన్‌లైన్‌లో ఆడాలంటే అందరూ గేమ్ కొనుక్కోవాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్యాచ్ 8 అనే అప్‌డేట్ తర్వాత పీసీ వాళ్ళు, కన్సోల్ వాళ్ళు కలిసి ఆడొచ్చు, దానికి అందరూ లారియన్ అకౌంట్ తెరిచి గేమ్‌కి లింక్ చేసుకోవాలి. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. మాడ్స్ (బయటివాళ్ళు తయారుచేసిన మార్పులు) వాడే ఆలోచన ఉంటే అవి కూడా అందరి దగ్గరా ఒకేలా ఉండాలి, నా మాట వింటే మొదటిసారి మాడ్స్ జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలైన నిర్ణయం. హోస్ట్ ఎవరు? క్యాంపెయిన్, అంటే మొత్తం కథ, నడిచేది హోస్ట్ సేవ్ చేసిన ఆట మీద. అతను గేమ్ తెరిస్తేనే మిగతావాళ్ళు చేరతారు, అతను రాని రోజు ఆట లేనట్టే. మంచి కంప్యూటర్ ఉన్నవాడిని పెట్టాలని అందరూ అనుకుంటారు గానీ, నేనైతే చెప్పిన టైమ్‌కి వచ్చేవాడినే పెట్టమంటా. మాలో వైజాగ్ వాడి పీసీ అందరికంటే సాధారణమైనది. కానీ చెప్పిన టైమ్‌కి పది నిమిషాల ముందే వచ్చి లాబీ (ఆటకి ముందు అందరూ చేరే చోటు) తెరిచి కూర్చునేవాడు. ఆఫీస్ రిలీజులున్న వారం కూడా ఒక్క పూట మానలేదు. మా ఆట చివరిదాకా నిలిచిందంటే ముఖ్య కారణం అతనే.

లాబీ తెరవడం తేలికే. మెయిన్ మెనూలో మల్టీప్లేయర్‌లోకి వెళ్ళి కొత్త గేమ్ సృష్టించి, లాబీని ఫ్రెండ్స్‌కి మాత్రమే కనిపించేలా పెట్టి ఆహ్వానాలు పంపితే సరిపోతుంది. పబ్లిక్ అని వదిలేస్తే ఎవరో తెలియనివాళ్ళు వచ్చి పడతారు. క్యారెక్టర్లు తయారు చేసుకునేటప్పుడు అందరూ ఉండేలా చూసుకోండి, తొందర పెట్టొద్దు, ఆ గంటసేపు ముఖాలు, జుట్టు రంగులు చూసి ఒకరినొకరు ఏడిపించుకోవడం కూడా ఆటలో భాగమే. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ కాల్ పెట్టుకోండి.

ఎంతమంది? నలుగురికి వీలున్నా ముగ్గురే సరైన లెక్క అని నా అభిప్రాయం. పార్టీలో, అంటే కలిసి తిరిగే బృందంలో, మొత్తం నాలుగే చోట్లు. నలుగురూ మనుషులే అయితే షాడోహార్ట్, ఆస్టారియన్, కార్లక్ లాంటి గేమ్‌లోని తోడు పాత్రలు క్యాంప్‌లోనే కూర్చుంటారు, ఈ గేమ్ కథలో సగం బలం వాళ్ళదే. ముగ్గురైతే నాలుగో చోటుకి వాళ్ళలో ఒకరిని మార్చి మార్చి తీసుకెళ్ళొచ్చు. నలుగురూ ఆడి తీరాలనుకుంటే ఒకరిద్దరు సొంత క్యారెక్టర్ కాకుండా ఈ ఒరిజిన్ క్యారెక్టర్లనే ఎంచుకుని ఆడండి, అప్పుడు ఆ కథలు చేజారవు.

క్లాస్‌ల (ఫైటర్, విజార్డ్, క్లెరిక్ లాంటి పాత్ర రకాల) విషయంలో ఎవరి మీదా ఒత్తిడి పెట్టకండి. నువ్వు క్లెరిక్ తీసుకోవాల్సిందే అని ఒకడిని బలవంతపెడితే మూడో వారానికి వాడు రావడం మానేస్తాడు. ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాయడానికి, ఒకరు పడినవాళ్ళని లేపడానికి, ఒకరు తాళాలు తీసి మాట్లాడటానికి, ఇంతవరకు చూసుకుంటే చాలు. పైగా క్యాంప్‌లోకి విదర్స్ అనే ముసలి అస్థిపంజరం వస్తాడు, 100 బంగారు నాణేలిస్తే క్లాస్ పూర్తిగా మార్చేస్తాడు, 200కి చచ్చినవాళ్ళని బతికిస్తాడు. కాబట్టి తప్పు క్లాస్ తీసుకున్నామేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

కలిసి ఆడితే ఏం మారుతుందో మాకు మొదటి గంటలోనే తెలిసింది. ఆట నాటిలాయిడ్ అనే ఎగిరే ఓడలో మొదలవుతుంది. చివరి గదిలో జాల్క్ అనే కమాండర్ మంటలు కక్కే పెద్ద కత్తితో ఉంటాడు. లెవెల్ 1లో వాడిని చంపడం చాలా కష్టం, పైగా పదిహేను టర్న్‌లలోపు ఓడని తప్పించాలి. మా క్లెరిక్ దగ్గర కమాండ్ స్పెల్ ఉంది, దాంతో శత్రువుని చేతిలో ఉన్నది పడేయమని ఆజ్ఞాపించొచ్చు. మొదటిసారి వేస్తే పనిచేయలేదు. లెవెల్ 1లో రెండుసార్లే వేయగలం, ఉన్న ఇంకొక్కటీ వాడితే కత్తి ఠంగుమని కింద పడింది. డల్లాస్ వాడు "ఆగు మామా, నేను తీస్తా" అని అరుస్తూ తన ఫైటర్‌ని పరిగెత్తించి ఎత్తుకున్నాడు. యాక్ట్ 1 (కథ మొదటి భాగం) మొత్తం ఆ కత్తి వాడి చేతిలోనే ఉంది. ఒక్కడినే ఆడినప్పుడు కూడా ఇదే పని చేశాను గానీ, ఇంకొకరు అరుస్తూ పరిగెత్తినప్పుడు వచ్చే కిక్ అందులో రాలేదు.

ఇక గొడవలన్నీ మొదలయ్యేది సంభాషణల దగ్గర. ఈ గేమ్‌లో ముందు ఎవరు వెళ్తే వాళ్ళే మాటల్లో చిక్కుకుంటారు. చాలాచోట్ల మీరు క్లిక్ చేయకపోయినా దగ్గరికి వెళ్ళగానే సీన్ మొదలైపోతుంది, ఎవరి కాలు ముందు పడిందో వాళ్ళ కరిజ్మాతోనే (మాటలతో ఒప్పించే బలం) డైస్ పడుతుంది. బ్లైటెడ్ విలేజ్ అనే పాడుబడ్డ ఊరి గేటు దగ్గర మాకు అదే జరిగింది. లోపల ఇళ్ళ మీద గాబ్లిన్లు అనే చిన్న రాక్షసులు కాపు కాస్తుంటాయి, నోరున్నవాడు వెళ్తే ఒక్క బాణం కూడా పడకుండా లోపలికి పోవచ్చు. మా బార్డ్ (మాటకారి క్లాస్) వెనక పెట్టెలు వెతుకుతుంటే ఫైటర్ ముందు నడిచాడు. వాడి కరిజ్మా 8, అంటే తక్కువే. డైస్ పోయింది (తక్కువ పడింది), పైనుంచి బాణాలు మొదలయ్యాయి, ముగ్గురిలో ఇద్దరం కింద పడ్డాం.

ఆ రోజు నుంచి పెట్టుకున్న పద్ధతి: కొత్త చోటికి అడుగుపెట్టేటప్పుడు బాగా మాట్లాడగలిగే క్యారెక్టర్ ముందు నడవాలి, మిగతావాళ్ళు పది అడుగులు వెనక. అంతకంటే మంచి ఉపాయం ఇంకోటుంది. ఒకరు మాటల్లో ఉన్నప్పుడు మిగతావాళ్ళు కదలకుండా ఉండాల్సిన పనిలేదు. ఈలోపు మెట్లెక్కి ఎత్తైన చోటుకి చేరి నిలబడొచ్చు, ఎత్తు నుంచి కొడితే దెబ్బ తగిలే అవకాశానికి 2 పాయింట్లు కలుస్తాయి. మాటలు చెడి ఫైట్ మొదలైతే అప్పటికే మీరు గాబ్లిన్ల నెత్తిమీద ఉంటారు.

కానీ ముఖ్యమైన కథ సీన్ అయితే అందరూ ఆగి వినండి. మాట్లాడుతున్నవాడి బొమ్మ పక్కన వచ్చే గుర్తు నొక్కితే ఆ సంభాషణ మీకూ కనిపిస్తుంది, ఏ జవాబు బాగుంటుందో మీరు సూచించొచ్చు కూడా, అది అతని స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఇది చాలామందికి తెలియక, ఒకడు కథ చూస్తుంటే మిగతా ఇద్దరు అంగడిలో కత్తులు చూసుకుంటూ కూర్చుంటారు. నెల తిరిగేసరికి కథ ఎక్కడుందో ఒక్కడికే తెలుస్తుంది, మిగతావాళ్ళకి ఆసక్తి పోతుంది. మాట్లాడే అవకాశం కూడా పంచుకోండి. బార్డ్‌కే ఎక్కువ పాయింట్లున్నా, పార్టీలో ఒకరి సొంత కథకి సంబంధించిన సీన్ వస్తే ఆ సీన్‌లో అతన్నే మాట్లాడనివ్వండి, డైస్ పోయినా సరే.

డైస్ పోతే సేవ్ మళ్ళీ లోడ్ చేయాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మేం పెట్టుకున్న రూల్: అందరం చస్తేనే లోడ్, మిగతా ఏం జరిగినా దాంతోనే ముందుకి. ఇన్‌స్పిరేషన్ పాయింట్లు ఉంటే డైస్ మళ్ళీ వేయొచ్చు, అవి పార్టీ అంతటికీ కలిపి నాలుగే నిల్వ ఉంటాయి, అందుకే చిన్న తాళం తీయడానికి వాడేముందు ఒక మాట అడగండి. మొదటిసారి బ్యాలెన్స్డ్‌లో (మధ్యస్థ కష్టం) ఆడితే చాలు. ఆనర్ మోడ్‌లో ఒకే సేవ్, అందరూ చస్తే అయిపోయినట్టే, అది రెండోసారికి దాచుకోండి.

ఫైట్లలో టైమ్ వృథా కాకుండా ఒక కిటుకు. టర్న్ వరసలో ఇద్దరు ఫ్రెండ్స్ పక్కపక్కనే వస్తే ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు, ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు. ఎవరైనా కింద పడితే మందు సీసా తాగించడానికి పక్కదాకా వెళ్ళాల్సిన పనిలేదు, దూరం నుంచి విసిరినా అది పగిలి మీదపడి లేస్తారు, ఇద్దరు దగ్గరగా ఉంటే ఒకే సీసా ఇద్దరికీ పనిచేస్తుంది. విజార్డ్ ఆడేవాళ్ళు లెవెల్ 2లో ఎవొకేషన్ అనే శాఖ తీసుకోండి. లెవెల్ 5లో ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం వచ్చాక అది మీవాళ్ళని కాల్చదు, వేరే శాఖ తీసుకుంటే మంటల మధ్యలో ఉన్న ఫ్రెండ్ కూడా కాలిపోతాడు.

డబ్బు, సామాన్లు ఒక్కో ప్లేయర్ దగ్గర విడివిడిగా ఉంటాయి. అనుభవం పాయింట్లు మాత్రం అందరికీ సమానంగా వస్తాయి. పెట్టె ముందు తెరిచినవాడి జేబులోకే అన్నీ పోతాయి కాబట్టి, ప్రతి పూట చివర్లో క్యాంప్ పెట్టె దగ్గర చేరి ఎవరికి ఏది పనికొస్తుందో పంచుకోండి, ఐదు నిమిషాల పని. దొరికిన తిండి అంతా క్యాంప్‌కి పంపేయండి. లాంగ్ రెస్ట్ (క్యాంప్‌లో రాత్రి విశ్రాంతి) తీసుకోవాలంటే బ్యాలెన్స్డ్‌లో 40 తిండి సరుకులు కావాలి, పైగా అందరూ ఒప్పుకోవాలి. రెస్ట్‌కి వెనకాడకండి, క్యాంప్ సీన్లు చాలా రెస్ట్ తీసుకుంటేనే వస్తాయి.

ఒకరు రాని రోజు ఏం చేయాలి? వాళ్ళ క్యారెక్టర్ పార్టీలోనే ఉంటుంది, హోస్ట్ నడపొచ్చు. కానీ మేం ఆ రోజు కథ ముందుకి జరపలేదు. అంగళ్ళు, చిన్న గుహలు, మిగిలిపోయిన పెట్టెలు, వీటితో గడిపేవాళ్ళం. ఎవరైనా పూర్తిగా మానేస్తే విదర్స్ దగ్గర ఒక అలమారా ఉంటుంది, దాని ద్వారా ఆ క్యారెక్టర్‌ని పార్టీ నుంచి పక్కన పెట్టొచ్చు.

టైమ్ లెక్క మాది ఇది: డల్లాస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిది అంటే మనకి శనివారం ఉదయం ఏడున్నర. నవంబర్‌లో వాళ్ళ గడియారం మారాక అదే మనకి ఎనిమిదిన్నర అవుతుంది, మార్చిలో మళ్ళీ ఏడున్నర. ఈ మార్పు మర్చిపోయి ఒక శనివారం మేమిద్దరం గంట ముందే వచ్చి కూర్చున్నాం. మూడు గంటలకి మించి ఆడొద్దు. ఈ గేమ్ కలిసి ఆడితే తేలిగ్గా వంద గంటలు దాటుతుంది, వారానికి మూడు గంటలంటే ఎనిమిది నెలలు. అంతకాలం ఇంట్లోవాళ్ళు ఒప్పుకునే టైమ్ అయి ఉండాలి. మా ఇంట్లో శనివారం ఉదయం టిఫిన్ పది దాటాకే అని అమ్మ కూడా అలవాటు పడిపోయింది.

ఆపేముందు ఎప్పుడూ క్యాంప్‌కి వచ్చి రెస్ట్ తీసుకుని సేవ్ చేయండి, ఫైట్ మధ్యలో ఆపితే వారం తర్వాత ఎవరు ఎక్కడున్నారో గుర్తుండదు. కాల్ కట్ చేయకముందే వచ్చే వారం టైమ్ ఖాయం చేసుకుని, తర్వాత ఎక్కడికి వెళ్ళాలో వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క లైన్ రాసి పెట్టండి. మా గ్రూప్‌లో ఆ పని డల్లాస్ వాడిది. మొదటి వారం వాడు రాసిన లైన్ ఇప్పటికీ పిన్ చేసి ఉంది: "గేటు దగ్గర బార్డ్ ముందు నడవాలి, నేను వెనక."