అమ్మకి పట్టేది ఉక్కేనా, మెనోపాజా? ఇలా కనిపెట్టండి

మన వైజాగ్‌లో చిక్కేంటంటే ఏడాదిలో సగం రోజులు ఉక్కపోతే కదా, అందుకే ఒంట్లోంచి సెగలు పుట్టినా వాతావరణం మీదకి తోసేస్తారు. మా అమ్మ 47 ఏళ్లప్పుడు అదే చేసింది. డిసెంబర్ రాత్రి మేమంతా దుప్పట్లు కప్పుకుని పడుకుంటే తను లేచి ఫ్యాన్ ఫుల్లు పెట్టేది, జాకెట్టు వీపంతా తడిసిపోయేది, "ఏటో ఉక్కగా ఉందే" అనేది, ఐదు నిమిషాలకే చలేస్తోందని మళ్ళీ ఆపేసేది.

ఉక్క అయితే గదిలో అందరికీ పడుతుంది. ఈ సెగ ఆవిడొక్కరికే, ఛాతీ దగ్గర మొదలై మెడకీ మొహానికీ పాకి కాసేపటికి తగ్గిపోతుంది. నెలసరి ఆగిపోయే దశలో, అంటే మెనోపాజ్ దగ్గర పడినప్పుడు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గడం వల్ల వచ్చేది ఇది.

"మెనోపాజా?" అని డైరెక్టుగా అడగకండి. నేను అడిగితే "ముట్లాగిపోతే పీడా పోతుంది, దానికి డాక్టరెందుకే" అంది. ఆ మాట కాదనకండి, ఏళ్ల తరబడి దూరం కూర్చున్న మనిషికి అది నిజంగానే విముక్తి. ఎంవీపీ రైతుబజార్ నుంచి తెచ్చిన గోరుచిక్కుళ్ళకి ఇద్దరం ఈనెలు తీస్తుంటే "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా" అన్నాను, చేతులు పనిలో ఉన్నాయి కదా, మొహం చూడక్కర్లేదు, అప్పుడు చెప్పింది అన్నీ.

తర్వాత వంటింటి క్యాలెండర్ మీద నెలసరి రోజుకి చుక్క, సెగ వచ్చిన రోజుకి గీత పెట్టించండి. వరసగా 12 నెలలు చుక్క లేకపోతే మెనోపాజ్ అన్నమాట, అప్పటిదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది, చాలామందికి తెలీదు ఇది. 40 లోపే ఆగిపోయినా, ఏడాది ఆగాక కొంచెం రక్తం కనబడినా వెంటనే మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లో ఉన్న గైనకాలజిస్ట్ దగ్గరకో వెళ్ళాల్సిందే, క్యాలెండర్ ఫొటో తీసుకెళ్ళండి.

గర్భసంచి తీయించేస్తే గొడవ వదిలిపోతుందని ఎవరన్నా అంటే మాత్రం ఆగండి, ప్లీజ్. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. సెగలకి అది వైద్యం కాదు, పైగా అండాశయాలు కూడా తీసేస్తే సెగలు ఒక్కసారిగా ఇంకా గట్టిగా వస్తాయి. మా పిన్నికి ఇదే జరిగింది, ఎవరూ ముందు చెప్పలేదు. మరీ ఇబ్బందైతే హార్మోన్ మందులున్నాయి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటివి ఉన్నాయేమో చూసి డాక్టరే ఇస్తారు.

ఎముకలకి చోడి (రాగి) అంబలి, పెరుగు, రోజూ నడక.

నాన్నకి కూడా చెప్పండి, రాత్రి ఫ్యాన్ వేస్తే విసుక్కునేది ఆయనే.