గోడ సాపు కావాలంటే లప్పం ఒక్కటే చాలదు

నల్లగొండ, పాలమూరు వైపు ఇంట్లో పెండ్లి కుదిరిందంటే గోడలకు రంగుల మాట వస్తుంది. ఎగుడుదిగుడు గోడను చూసి "లప్పం మందంగ పెడితే కప్పుకపోతది" అంటరు. డబ్బు పోయేది అక్కడే. సిమెంటు లప్పం, అంటే రంగుకు ముందు గోడను నున్నగా చేసే పుట్టీ, గుంతలు పూడ్చే సామాను కాదు. రెండు కోటింగులూ కలిసి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు.

ముందు రాత్రిపూట లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి. ప్రతి ఉబ్బూ, ప్రతి గుంతా నీడతో బయటపడుతుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

సమస్య: గుంతలు 3 మిల్లీమీటర్లకు మించి లోతున్నాయి.
కారణం: గిలాబు (ప్లాస్టరింగ్) చేసినప్పుడు మట్టం చూడలేదు, లేదా కరెంటు పైపుల కోసం కొట్టిన గాడిని సరిగా పూడ్చలేదు.
పరిష్కారం: అక్కడ గాట్లు పెట్టి, తడిపి, సిమెంటు పాలు (నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు) పూయండి. ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతులు జల్లించిన సన్న ఇసుకతో మాలు కలిపి పూడ్చి, ఆరడుగుల అల్యూమినియం పట్టీతో లాగండి. వారం రోజులు తడపాలి, ఆ తర్వాత బాగా ఆరాలి. ఉబ్బుల్ని ఉలితో చెక్కేముందు కరెంటు మెయిన్ ఆపండి.

సమస్య: లప్పం పెచ్చులుగా లేస్తోంది.
కారణం: కింద ఏండ్ల తరబడి వేసిన సున్నం పొరలున్నాయి. లప్పం గోడను కాదు, ఆ సున్నాన్ని పట్టుకుంటుంది.
పరిష్కారం: గోకడమే, దగ్గరిదారి లేదు. మా ముందటి అర్రలో గోకకుండా పెట్టించాం. ఆరు నెలలకే అరచేతంత ముక్కలు రాలాయి. మొత్తం గోకి మళ్లీ పెట్టడానికి రెండింతల కూలి అయింది.

సమస్య: గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతోంది.
కారణం: నేలలోని చెమ్మ పైకి పాకి, ఆరినచోట ఉప్పును వదిలిపోతుంది. ఉప్పు బోరునీళ్లతో మాలు కలిపినా ఇదే గతి.
పరిష్కారం: అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. గోడవైపు చుక్కలు కడితే తడి గోడలోనే ఉన్నట్టు. ముందు ఆ నీళ్లదారి మూయాలి: స్నానాల గది పైపు లీకు, బయట గోడకు ఎగదోసిన మట్టి, మోరీ. తర్వాత చెమ్మ గీతకు అడుగు పైదాకా గిలాబు కొట్టేసి, ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి. కడిగితే కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది. వారాలపాటు ఎండనిచ్చి, మంచినీళ్లతో కొత్త గిలాబు చేయండి. ఎండాకాలంలో మొదలుపెడితే నయం.

సమస్య: రుద్దితే లప్పం పిండిలా రాలుతోంది.
కారణం: పొడి గోడ దాని నీళ్లు లాగేసుకుంది, లేదా గట్టిపడుతున్న లప్పంలో మళ్లీ నీళ్లు కలిపారు.
పరిష్కారం: రాలేదంతా తీసేసి, గోడ మీద నీళ్లు చిలకరించి, గంటా రెండు గంటల్లో అయిపోయేంతే కలుపుతూ మళ్లీ పెట్టండి.

మట్టితో కట్టిన పాత గోడైతే సిమెంటు వద్దు. చెమ్మ బయటికి పోలేక పొర మొత్తం ఊడుతుంది. సున్నం, ఇసుక మాలే దానికి సరిపోతుంది.

రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) ఆరాక టార్చి ఇంకోసారి వేయండి. అప్పుడు కనిపించే చిన్న గుంతలకు లప్పం చాలు.