గేలిక్ ఫుట్‌బాల్ ఆటగాడి రికార్డును చదవడం ఎలా?

మా మేనల్లుడు డబ్లిన్‌కు చదువుకోసం వెళ్లినప్పటి నుంచి తిరుపతిలోని మా ఇంట్లో ఐర్లాండ్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ కబుర్లు తప్పడం లేదు. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన కళ్లతో ఆ ఆటగాళ్ల వివరాలు చదివితే మాత్రం ఏమీ బోధపడదు. 1884లో ఏర్పడిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ నిర్వహించే ఈ ఆటలో ఆటగాళ్లకు జీతం ఉండదు కాబట్టి, ఎవరిని ఎవరు ఎంతకు కొన్నారన్న ప్రశ్నే పుట్టదు.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని, ఎడమ పేజీకి క్లబ్ అని, కుడి పేజీకి కౌంటీ అని పేరు పెట్టుకోవాలి. క్లబ్ అంటే సాధారణంగా పుట్టి పెరిగిన ఊరి జట్టు. చిన్ననాడు చేరినవారు చాలామంది చివరిదాకా అందులోనే ఉంటారు. కౌంటీ జట్టుకు మాత్రం ఆ కౌంటీ పరిధిలోని క్లబ్బుల నుంచి మేటివారిని ఏరి తీసుకుంటారు.

కౌంటీని మన జిల్లాతో పోల్చుకోవచ్చు గానీ, ఒక తేడా మరువకూడదు. 2022లో చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా వేరుపడగానే కార్యాలయాల బోర్డులన్నీ మారాయి. డబ్లిన్ కౌంటీ పాలనను 1994లో విడదీసి కొత్త కౌన్సిళ్లు ఏర్పరిచినా, ఆటలో డబ్లిన్ ఒకే జట్టుగా మిగిలింది.

ఇక స్కోరు. కౌంటీ జట్లు తలపడే ఆల్ ఐర్లాండ్ పోటీ మన ఆలిండియా పోటీ లాంటిది. దాని 2011 ఫైనల్లో డబ్లిన్ 1-12, మరో కౌంటీ కెర్రీ 1-11 అని కనిపిస్తుంది. గీతకు ముందున్నది గోల్స్ (బంతి అడ్డకర్ర కింద నుంచి వెళ్తే), తర్వాతున్నది పాయింట్లు (అడ్డకర్ర మీదుగా వెళ్తే). గోల్‌కు మూడు లెక్కన డబ్లిన్‌కు 15, కెర్రీకి 14. ఆ ఒక్క పాయింటు తేడా తెచ్చినవాడు ఫార్వర్డ్ కాదు, గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్‌టన్: ఆట ముగిసే వేళ తన గోలు వదిలి మైదానమంతా దాటి వచ్చి, ఫ్రీ కిక్‌ను అడ్డకర్ర మీదుగా పంపాడు. కాబట్టి గోల్‌కీపర్ వరుసలో పాయింట్లు కనిపిస్తే అచ్చుతప్పని కొట్టివేయకండి. (2025 నుంచి, గోలుకు 40 మీటర్ల దూరంలో గీసిన వంపు గీత అవతలి నుంచి కొట్టే పాయింటుకు రెండు లెక్క, పాత, కొత్త స్కోర్లను పక్కపక్కన పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.)

అదే క్లక్స్‌టన్ పేజీలు నింపి చూడండి. ఎడమవైపు పార్నెల్స్ అనే ఒకే పేరు ఉంటుంది. కుడివైపు 2001లో డబ్లిన్ సీనియర్ జట్టులో ప్రవేశం, 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరు ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు, 2023లో నలభై దాటిన వయసులో తొమ్మిదో పతకం. వృత్తి చూస్తే బడిపంతులు. ఎనభై రెండు వేలమంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం కప్పు ఎత్తినా, తరగతి గది ఆయన కోసం ఎదురు చూస్తూనే ఉంటుందన్నమాట.

అందరి పేజీలూ ఇంత తేలిగ్గా ఉండవు. కెర్రీ ఆటగాడు డేవిడ్ క్లిఫర్డ్ క్లబ్ ఫోసా. అది చిన్నది కావడంతో, కెర్రీ సీనియర్ క్లబ్ పోటీలో ఆయన చుట్టుపక్కల క్లబ్బులు కలిసిన ఈస్ట్ కెర్రీ తరఫున ఆడాడు. దీనిని ఎడమ పేజీలోనే రెండో వరుసగా రాసుకోవాలి. ఫోసా ఆల్ ఐర్లాండ్ జూనియర్ క్లబ్ టైటిల్ గెలిచింది 2023 జనవరిలోనైనా, ఆ పోటీ అంతకుముందు ఏడాది మొదలైనదే. ఇక్కడ జూనియర్ అంటే పిల్లల జట్టు కాదు, క్లబ్ స్థాయి; వయసును బట్టి ఏర్పడేవి మైనర్, అండర్ 20 జట్లు. నేను మొదట తప్పింది ఇక్కడే.

చివరగా, ఆటగాడు రిటైరయ్యాడన్న వార్త కనిపిస్తే ఏ పేజీకి చెందినదో చూసుకోండి. చాలాసార్లు అది కౌంటీకి మాత్రమే. మరుసటి వారాంతం ఊరి మైదానంలో అతడే జెర్సీ తొడుక్కుని దిగవచ్చు. అందుకే ఎడమ పేజీ అడుగున కొంత ఖాళీ ఉంచడం మంచిది.