కొత్త ఊళ్లో పిల్లల్ని ఏ బడిలో వేయాలి? అడ్వాన్సు కట్టే ముందు పాత నోటుపుస్తకం చూడండి

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. పదమూడేళ్లలో ఒంగోలు, ఖమ్మం, విశాఖపట్నం, బెంగళూరు తిరిగి ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాం. ఇద్దరు పిల్లలకీ కలిపి ఏడుసార్లు బడి వెతికాను. అందుకే బదిలీ ఆర్డరు చేతికి రాగానే చుట్టాలూ, ఆయన బ్రాంచిలో వాళ్ల ఆడవాళ్లూ నాకు ఫోన్ చేస్తారు. కానీ చాలామంది చేసేసరికే పని అయిపోయి ఉంటుంది. "వదినా, ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశాం, ఇంకేమన్నా చూడాలా?" అంటారు. చూడాల్సినవన్నీ ఆ ఇరవై వేలకు ముందే ఉన్నాయి. ప్రతి వేసవిలో ఇదే జరుగుతుంటే ఉండబట్టలేక వరసగా రాస్తున్నాను. ఇది ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల కోసమే. హైస్కూలు సంగతి వేరు.

కాగితాలు

జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, టీసీ, ప్రోగ్రెస్ కార్డు, ఫొటోలు. వీటితోపాటు పాత బడిలో పిల్లల పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత సంఖ్య) రాయించుకోండి. కొత్త బడివాళ్లు యూడైస్‌లో, అంటే బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, మీ పిల్లను తమ లెక్కలోకి తీసుకోవాలంటే అది కావాలి. వేసవి సెలవులు ఇచ్చాక ఆఫీసులో మనిషి దొరకడు కాబట్టి ఇవన్నీ ఏప్రిల్‌లోనే తెచ్చేసుకోండి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఏ తేదీకి నిండాలన్నది మాత్రం మీరు వెళ్లే రాష్ట్రంలో కనుక్కోవాలి.

ముందు బడి, తర్వాత ఇల్లు

ఇల్లు చూసుకుని, సామాను దించుకుని, అప్పుడు చుట్టుపక్కల బడుల కోసం వెతకడం తప్పు. ఇంటి అద్దె ఒప్పందం పదకొండు నెలలే. బడి కనీసం రెండు మూడేళ్లు. ఏది నచ్చకపోతే మార్చడం తేలికో దాన్ని తర్వాత చూసుకోవాలి. మూడు కిలోమీటర్లు దాటిన బడిని నేను జాబితాలోనే రాయను. మియాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలి బడికి ఆరేళ్ల పిల్లను పంపే తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ పిల్ల ఇంటికొచ్చేసరికి అన్నం తినే ఓపిక కూడా ఉండదు.

జాబితాలో నాలుగు బడులు చాలు. పది చూస్తే అన్నీ కలగాపులగమై చివరికి రిసెప్షన్ బాగున్న బడి గెలుస్తుంది.

పేరున్న సంస్థ కదా అని బ్రాంచిని నమ్మకండి. ఒక ఊళ్లో బాగున్న బ్రాంచి పేరు చూసి ఇంకో ఊళ్లో చేర్చడం అందరూ చేసే పని. ప్రైమరీ బడి దాని ప్రిన్సిపాల్‌ని బట్టీ, క్లాస్ టీచర్‌ని బట్టీ ఉంటుంది. బోర్డు మీద పేరు ఆ ఇద్దరినీ తీసుకురాదు. అలాగే పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ ఒకటో తరగతి గురించి ఏమీ చెప్పదు. పదో తరగతికి చెప్పేవాళ్లు వేరు, ఒకటో తరగతికి చెప్పేవాళ్లు వేరు.

గుర్తింపు

ఇది ఫోన్‌లో పది నిమిషాల పని. బడికి పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణ బడికి 36తో, ఆంధ్రప్రదేశ్ బడికి 28తో మొదలవుతుంది. కోడ్ అడిగి, యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ బడి వివరాలు తీసి, చిరునామా మీరు నిలబడ్డ వీధిదేనా అని చూడండి. గుర్తింపు ఒక బ్రాంచికి తెచ్చుకుని, పిల్లల్ని ఇంకో భవనంలో కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి. "సీబీఎస్ఈ సిలబస్" అని రాసిన ప్రతి బడికీ సీబీఎస్ఈ అఫిలియేషన్, అంటే ఆ బోర్డు ఇచ్చే గుర్తింపు, ఉండదు. అఫిలియేషన్ ఉన్న బడి తన వెబ్‌సైటులో ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్, భవన భద్రత పత్రం, టీచర్ల సంఖ్య లాంటివన్నీ పెట్టి తీరాలి. అవి కనబడకపోతే అడగండి.

రాష్ట్రం మారుతున్నవాళ్లు భాష సంగతి ఇప్పుడే తేల్చుకోండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు చెప్పాల్సిందే. కర్ణాటకలోనూ 2015లో కన్నడకు అలాంటి చట్టమే చేశారు. బెంగళూరు వెళ్లినప్పుడు మా పెద్దవాడు మూడో తరగతిలో కన్నడ అక్షరాలు దిద్దాడు. మన అక్షరాలకు దగ్గర కాబట్టి రెండు నెలల్లో పట్టుకున్నాడు. అసలు కష్టం తిరిగొచ్చినప్పుడు వచ్చింది. అక్కడ ఉన్నంతకాలం నేను ఇంట్లో తెలుగు రాయించలేదు. ఐదో తరగతిలో ఒత్తుల దగ్గర ఏడ్చాడు. వేరే రాష్ట్రానికి వెళ్తున్న తెలుగువాళ్లు రోజుకు అరపేజీ అయినా తెలుగు రాయించండి. ఇది బడి పని కాదు, మన పని.

అసలు మెట్టు: పాత నోటుపుస్తకం

బదిలీలు వచ్చేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు బడులకు సెలవులు. స్టేట్ సిలబస్ బడులు మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. మీరు వెళ్లేసరికి తరగతులు నడవవు, టీచర్లు ఉండరు. ఏసీ గది, కౌన్సెలర్, రంగుల బ్రోషర్, ఖాళీ క్లాసులో డిజిటల్ బోర్డు మాత్రం ఉంటాయి. రేపు మీ పిల్లకు చదువు చెప్పే మనిషిని తప్ప అన్నీ చూపిస్తారు. ఆమె పోయిన ఏడాదంతా ఎలా చెప్పిందో తెలిపే సాక్ష్యం ఒక్కటే మిగిలి ఉంటుంది. అదే కిందటి ఏడాది పిల్లల నోటుపుస్తకం.

దాన్ని బడిలో అడగకండి. అడిగితే క్లాస్ ఫస్ట్ పిల్లది, అట్ట వేసింది, తప్పే లేనిది తెచ్చి పెడతారు. ఇల్లు చూడటానికి వెళ్లిన అపార్ట్‌మెంటులో ఆ బడి పిల్లలు ఎవరున్నారో వాచ్‌మన్‌ని అడగండి. సాయంత్రం వెళ్లి ఆ తల్లితో నేరుగా చెప్పండి: "ఏమండీ, మేం కొత్తగా వస్తున్నాం, మా అమ్మాయిని మీ బాబు బడిలో వేద్దామనుకుంటున్నాం. పోయినేటి ఇంగ్లీషు, లెక్కల నోట్సు ఒకసారి చూపిస్తారా?" ఇన్నేళ్లలో నాకు ఒక్క తల్లీ కాదనలేదు. కాఫీ ఇచ్చి మరీ చూపించారు. అక్కడే కూర్చుని చూసి తిరిగి ఇచ్చేయండి. ఇంటికి తీసుకెళ్లకండి, ఫొటోలు తీయకండి. ఆ పిల్లవాడు పక్కన ఉంటే వాడి రాతనూ మార్కులనూ గురించి ఒక్క మాట కూడా అనకండి. మనం చూడటానికి వచ్చింది వాడిని కాదు.

మొదట ఎర్రసిరా చూడాలి. జూన్ పేజీ నుంచి మార్చి పేజీ వరకూ తిప్పుతూ టీచర్ సంతకం చూడండి. ఏడాదంతా ఒకే చెయ్యి ఉంటే ఆ బడిలో సగం మంచి ఉన్నట్టే. రెండు చేతులుంటే కారణం అడగండి. ప్రసవానికి సెలవు పెట్టి ఉండొచ్చు, పెళ్లయి వెళ్లి ఉండొచ్చు. మూడు కనిపిస్తే ఆ బడిని జాబితాలోంచి కొట్టేయండి. ఆరేళ్ల పిల్లకు బడి అంటే తన మేడమే. సంక్రాంతి లోపల ముగ్గురు మేడమ్‌లు మారితే పిల్ల ఎవరికీ తనకు రానిది చెప్పుకోదు. టీచర్లు నిలవడం లేదంటే జీతం సరిగ్గా ఇవ్వడం లేదనో, పని ఎక్కువనో అర్థం. ఈ రెంటిలో ఏదైనా చివరికి పిల్లల మీదే పడుతుంది.

తర్వాత తప్పుల మీద టిక్కులు. రెండో తరగతి లెక్కల నోట్సులో తీసివేతల పేజీ తీయండి. 43లోంచి 17 తీసేస్తే 34 అని పిల్లలు తరచూ రాస్తారు. ఒకట్ల స్థానంలో 3లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 3 తీసేస్తారు. జవాబు 26. ఆ 34 మీద టిక్కు ఉంటే టీచర్ చూడకుండా సంతకం పెట్టినట్టు. ఇంటు గుర్తు పెట్టి పక్కన 26 అని రాసి వదిలేస్తే దిద్దినట్టే, నేర్పినట్టు కాదు. కింద మళ్లీ అదే రకం లెక్క రెండు మూడు చేయించి, పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం గీసి చూపించి ఉంటే ఆ టీచర్ దగ్గరకు మీ పిల్లను కళ్లు మూసుకుని పంపొచ్చు. ఈ ఒక్క పేజీ కోసం నేను మూడు అంతస్తులెక్కి మూడు ఇళ్ల తలుపులు తట్టిన రోజులున్నాయి.

ఇంగ్లీషు నోట్సులో పిల్లవాడి సొంత వాక్యం ఎక్కడైనా ఉందా అని వెతకండి. వీలైతే అదే క్లాసు ఇంకో పిల్ల నోట్సు పక్కన పెట్టి చూడండి. పెంపుడు జంతువు మీద వ్యాసంలో ఇద్దరికీ అదే కుక్క, అదే పేరు, అవే ఐదు వాక్యాలు ఉంటే అది బోర్డు మీద నుంచి ఎక్కించిన రాత. ఒకరు పిల్లి అని, ఇంకొకరు అమ్మమ్మ వాళ్ల గేదె అని తప్పుల స్పెల్లింగుతో రాసి ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ స్పెల్లింగులు వస్తాయి. సొంతంగా రాసే అలవాటు చిన్నప్పుడు పోతే మళ్లీ రాదు.

లావుపాటి నోట్సు చూసి మురిసిపోకండి. 2020 స్కూలు బ్యాగుల విధానం రెండో తరగతి వరకూ హోంవర్కే వద్దంటోంది. ఆ వయసు పిల్లకు రోజూ నాలుగు పేజీల ప్రశ్నలూ జవాబులూ ఉంటే అది చదువు కాదు, చేతి నొప్పి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ పిల్లవాడు ట్యూషన్‌కి వెళ్తున్నాడేమో తప్పకుండా అడగండి. వెళ్తుంటే నోట్సులో కనిపించే మంచి ట్యూషన్ టీచర్‌ది కావచ్చు. రెండోది, ఒక్క నోట్సుతో తీర్పు ఇవ్వకండి. నేను ఇచ్చాను. ఒక ఊళ్లో పై అంతస్తు అమ్మాయి పుస్తకం ముత్యాల్లా ఉందని చూసి, ఇంకొకటి అడగడానికి మొహమాటపడి మా చిన్నదాన్ని అదే బడిలో వేశాను. ఆ అమ్మాయి సెక్షన్‌కు మంచి టీచర్, మా దాని సెక్షన్‌కు ఏడాదిలో నలుగురు. రెండో తరగతి మొత్తం నేనే ఇంట్లో చెప్పుకున్నాను. వేరే సెక్షన్ పిల్ల పుస్తకం ఒకటి చూసి ఉంటే తెలిసిపోయేది. కనీసం రెండు పుస్తకాలు, రెండు సెక్షన్లు.

ఫీజు

ఆ తల్లినే పోయినేటి రసీదులు కూడా అడగండి. కౌన్సెలర్ చెప్పేది ట్యూషన్ ఫీజు. రసీదుల్లో పుస్తకాలు, యూనిఫాం, బస్సు, యాక్టివిటీలు అన్నీ ఉంటాయి. మొత్తం కాగితం మీద రాసివ్వమనండి, వచ్చే ఏడాది ఎంత పెంచుతారో కూడా. ఇద్దరు పిల్లలకూ కలిపి ఏడాది ఖర్చు రెండు నెలల జీతం దాటకూడదు. దాటితే ఆ బడి మనది కాదు.

రసీదు లేని డొనేషన్ కట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజునూ (అంటే చేర్చుకోవడానికి అడిగే ఇలాంటి డొనేషన్నూ), పిల్లలకూ తల్లిదండ్రులకూ పరీక్ష పెట్టి వడపోయడాన్నీ నిషేధించింది. వడపోతకు మొదటిసారి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. చేర్చుకున్నాక పిల్ల ఎక్కడుందో తెలుసుకోవడానికి చదివించి చూస్తే మంచిదే. చేర్చుకోవడానికే ఐదేళ్ల పిల్లను ఇంటర్వ్యూ చేస్తే లేచి వచ్చేయండి.

తరగతి, నీళ్లు, బస్సు

ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచర్ అన్నది అదే చట్టం పెట్టిన లెక్క. నేను ముప్పై ఐదు వరకూ ఒప్పుకుంటాను. బెంచీలు లెక్కపెడితే సంగతి తెలుస్తుంది. ఒకటో తరగతి పిల్లలు వాడే మరుగుదొడ్డి మీరే తలుపు తీసి చూడండి. నీళ్లు రాని మరుగుదొడ్డి ఉన్న బడిలో ఆడపిల్లలు ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగకుండా ఉంటారు.

బస్సు మీ వీధికి పొద్దున్న ఎన్నింటికి వస్తుంది, సాయంత్రం ఎన్నింటికి దింపుతుంది అని అడగండి. బస్సులో ప్రయాణం మొత్తం అరగంట దాటకూడదు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, కొత్త సర్టిఫికెట్ వచ్చాకే తిప్పాలి. జూన్‌లో ఆ కాగితం చూపించమనండి. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో 2014 జూలై 24న స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. ఆనాటి నుంచి బస్సు వెళ్లే దారి మొత్తం నేను స్కూటీ మీద ఒకసారి తిరిగి చూడకుండా పిల్లల్ని ఎక్కించలేదు.

చేర్చాక

జూన్‌లో పిల్ల ఏడిస్తే కంగారు పడకండి. పాత స్నేహితులు గుర్తొస్తారు. ఆగస్టులో ఇంకా ఏడుస్తుంటే బడికి వెళ్లండి, ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు, క్లాస్ టీచర్ దగ్గరికి. వెళ్లే ముందు మీ పిల్ల నోట్సు తీసి ఎర్రసిరా చూసుకోండి. సంతకం మారి ఉంటే కొత్త మేడమ్ పేరు తెలుసుకుని, మీ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో, ఏది రాదో ఆమెకు మీరే చెప్పండి. పాత మేడమ్ ఆ సంగతి చెప్పి వెళ్లి ఉండదు.

మార్చిలో పరీక్షలు అవగానే నోటుపుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేయకండి. జూన్ దాకా అటక మీద ఉంచండి. ఆ రెండు మూడు నెలల్లో కొత్తగా బదిలీ మీద వచ్చిన తల్లి ఎవరైనా మీ తలుపు తట్టొచ్చు.