ప్రోటీన్ పెరిప్లాజంలోకి రావట్లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలు ఈ టెన్షన్ పడుతూనే ఉంటారు: ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రోటీన్ దండిగా తయారవుతుంది, కణం లోపలి పొరకూ బయటి పొరకూ మధ్య ఉండే పెరిప్లాజంలో మాత్రం కనపడదు. వెంటనే ప్లాస్మిడ్ మార్చేయకండి. మొత్తం కణాలు, పెరిప్లాజం, కరిగిన సైటోప్లాజం, పెల్లెట్ (అడుగున చేరే కరగని ముద్ద) - నాలుగింటినీ ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే ఒకే జెల్‌లో పక్కపక్కన నడపండి. ప్రోటీన్ లోపలి పొర దాటుతుండగా, దాని మొదట్లో చిరునామాలా ఉండే సిగ్నల్ పెప్టైడ్‌ను ఒక ఎంజైము కత్తిరించేస్తుంది. పెల్‌బీ అనే సిగ్నల్ అయితే 22 అమైనో ఆమ్లాలు, దాదాపు 2 కిలోడాల్టన్లు. జెల్‌ను కాస్త ఎక్కువసేపు నడిపితే ఆ తేడా కంటికి కనిపిస్తుంది: సిగ్నల్ తెగని ప్రోటీన్ బ్యాండు పైన, తెగినది కింద.

బ్యాండు పైనే ఉంది, అదీ పెల్లెట్‌లో

ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ వేశాక కణాల పెరుగుదల కూడా మందగిస్తే, ప్రోటీన్లు లోపలి పొర దాటే సెక్ దారి దగ్గర చాలావరకు రద్దీ అయినట్టే. సెక్‌ఏ అనే ప్రోటీన్ కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తూ ఒక్కో ప్రోటీన్ గొలుసును పొరలోని సెక్‌వైఈజీ రంధ్రంలోంచి నెడుతుంది. నెట్టే వేగం కంటే తయారీ వేగం ఎక్కువైతే మిగిలింది లోపలే గడ్డకడుతుంది. కణం సొంత ప్రోటీన్లు వెళ్లాల్సిందీ ఆ దారినే, అందుకే దానికీ కష్టం.

ఐపీటీజీని 1 మిల్లీమోలార్ నుంచి 0.1కి, ఇంకా తక్కువకు దించి చూడండి. ఉష్ణోగ్రత 20-25 డిగ్రీలు పెట్టి రాత్రంతా వదిలేయండి. మన దిక్కు అసలు చిక్కు ఇక్కడే. కూలింగ్ లేని షేకర్‌కు వేడి చేయడమే తెలుసు, గది వేడి కంటే కిందికి దిగలేదు. మే నెలలో 25 అని సెట్ చేసినా లోపల 35 ఉండొచ్చు. నీళ్లు పోసిన ఫ్లాస్కులో థర్మామీటరు పెట్టి చూడండి, డిస్‌ప్లేను నమ్మకండి. కూలింగ్ షేకర్ దొరకకపోతే ఏసీ గదిలో నడపండి.

బ్యాండు పైనే ఉంది, కానీ సైటోప్లాజంలో కరిగి ఉంది

ప్రోటీన్ తొందరగా మడత పడిపోయింది. సెక్ దారి సూది బెజ్జం లాంటిది, ముడిపడిన దారం దూరదు. పెల్‌బీ బదులు డీఎస్‌బీఏ అనే సిగ్నల్ వాడితే తయారవుతుండగానే గొలుసు పొర దగ్గరికి చేరుతుంది, మడత పడే వ్యవధి ఉండదు. ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ సంగతి వేరు. సెక్ ద్వారా బయటికి వెళ్తే అది వెలగదు. మడత పడ్డాకే దాటించే టాట్ దారి కావాలి, అంటే జంట ఆర్జినిన్‌లున్న టోర్‌ఏ లాంటి సిగ్నల్.

బ్యాండు కిందికి దిగింది, అయినా పెల్లెట్‌లోనే

పొర దాటాకే గడ్డకట్టింది. సిగ్నల్‌ను ముట్టుకోవద్దు, ఉష్ణోగ్రత తగ్గించండి.

బ్యాండు కిందికి దిగింది, పెరిప్లాజం భాగం మాత్రం ఖాళీ

ప్రోటీన్ చేరింది, మనమే బయటికి తీయలేకపోయాం. కణాలను చిక్కని చక్కెర ద్రావణంలోంచి పలుచని ద్రావణంలోకి మార్చి పెరిప్లాజాన్ని బయటికి తీసే ఆస్మాటిక్ షాక్‌లో ఈడీటీఏ పని బయటి పొరను పట్టి ఉంచే కాల్షియం, మెగ్నీషియంలను లాగేయడం. బఫర్‌ను బోరు నీళ్లతో కలిపితే ఆ నీళ్లలోని కాల్షియమే 1 మిల్లీమోలార్ ఈడీటీఏను మింగేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. 20 శాతం సుక్రోజ్ తర్వాత కణాలను గడ్డకట్టేంత చల్లని 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌లో ఒక్కసారిగా కలపాలి. ఐస్ కరిగిపోయిన డబ్బాలో చేస్తే షాక్ సరిగా తగలకపోవచ్చు.

ఇంతా చేశాక పెరిప్లాజం భాగంలో బీటా గెలాక్టోసిడేజ్ చర్య కనిపిస్తే కణాలు పగిలాయని అర్థం. ఆ ఎంజైము ఉండేది సైటోప్లాజంలో. ఆ రోజు శాంపిల్‌ను లెక్కలోకి తీసుకోకండి.